అమ్మకానికి లేని అందం

ఆదివారం పొద్దున్నే ఏడింటికి ఈ పేజీ మీ చేతిలో ఉంటే, అక్కడ ఇంకా శనివారం మధ్యాహ్నం మూడున్నరే. పసిఫిక్ మహాసముద్రం నడుమ ఐటుటాకి అనే చిన్న దీవిలో పడవలవాళ్లు టూరిస్టుల్ని ఒడ్డుకు చేర్చే హడావుడిలో ఉంటారు. తెల్లారితే ఆ పడవల్లో చాలావరకు కదలవు. దుకాణాలు చాలామటుకు తెరుచుకోవు. లక్షలు ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లయినా సరే, హోటల్ వరండాలో కూర్చుని దూరంగా చర్చిలో పాడే పాటలు వింటూ గడపాల్సిందే.

సెలవులకు వచ్చేవాళ్ల మీద బతికే దీవి, వారానికో రోజు వాళ్లకే సెలవు చెప్పడం విడ్డూరం కాదూ? ఐటుటాకిలో ఇలాంటి విడ్డూరాలు ఇంకా ఉన్నాయి. అది ఇంకా అందంగా మిగిలి ఉండటానికి కారణాల్లో అవీ కొన్ని.

ఇంతకీ ఎక్కడుందిది? న్యూజిలాండ్‌కు ఈశాన్యంగా కుక్ ఐలాండ్స్ అనే పదిహేను దీవుల దేశం ఉంది. 1965 నుంచి సొంత పాలన. కాకపోతే అక్కడివాళ్లంతా న్యూజిలాండ్ పౌరులు కూడా. ఆక్లాండ్ నుంచి నాలుగు గంటలు ఎగిరితే ముఖ్యమైన దీవి రరోటొంగా. అక్కడ చిన్న విమానం ఎక్కితే గంటలోపే ఐటుటాకి. దారిలో తేదీ మారే రేఖ దాటతారు కాబట్టి ఆదివారం పొద్దున ఆక్లాండ్‌లో బయల్దేరినవాళ్లు శనివారం నాడు దిగుతారు. గడిచిపోయిన రోజు మళ్లీ చేతికొచ్చినట్టే!

ఆ చిన్న విమానంలో కిటికీ పక్క సీటు కోసం పిల్లలతో పోటీ పడే పెద్దలూ ఉంటారు. కింద నల్లటి నీలంగా ఉన్న సముద్రంలో ఒక్కసారిగా పెద్ద త్రికోణం ప్రత్యక్షమవుతుంది. దాని అంచుల చుట్టూ తెల్లటి నురగ. లోపల నెమలి మెడ రంగు నుంచి లేత పచ్చ దాకా ఎన్ని ఛాయలో! అదే లగూన్. పగడపు గోడ లోపల చిక్కుకుని నిలిచిన సముద్రమన్నమాట. మన పులికాట్‌నూ లగూన్ అనే అంటారు గానీ అది ఇసుక మేటల చాటున ఏర్పడింది. దీని పోలిక లక్షద్వీప్‌లో దొరుకుతుంది. లక్షల ఏళ్ల కిందట సముద్రం మీద నిలబడ్డ అగ్నిపర్వతం క్రమంగా కుంగుతూ వచ్చింది. దాని అంచుల్లో పెరిగే పగడపు జీవులు వెలుతురు కోసం పైపైకి గోడ కట్టుకుంటూ పోయాయి. కొండ తగ్గింది, గోడ నిలిచింది. ఇప్పుడు ఆ కొండలో మిగిలిన భాగంలో ఎత్తయిన చోటు, మౌంగాపు, 123 మీటర్లే. ఎవరైనా ఎక్కేయొచ్చు. ఎక్కితే లగూన్ మొత్తం కాళ్ల కింద పరుచుకుని కనిపిస్తుంది.

గోడ బయట భయంకరమైన లోతు. లోపల చాలాచోట్ల మనిషి లోతు, అంతకు కాస్త ఎక్కువ. అలల పోటు గోడ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఈత అంతంత మాత్రం వచ్చినవాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖానికి అద్దాల మాస్కు తగిలించుకుని చేపల్ని చూస్తూ తేలొచ్చు. లగూన్ తూర్పు, దక్షిణ అంచుల్లో 'మోటు'లని పిలిచే చిన్న చిన్న తిన్నెలున్నాయి. వాటిల్లో అకాయామికి ఓ ముచ్చటైన చరిత్ర ఉంది. 1951 నుంచి 1960 దాకా ఆక్లాండ్ నుంచి తాహితీకి వెళ్లే నీటి విమానాలు ఇంధనం కోసం ఇక్కడ లగూన్‌లోనే వాలేవి. ఇంధనం నింపేలోగా ప్రయాణికులు దిగి హాయిగా ఈత కొట్టొచ్చేవారు! ఇప్పుడు విమానాశ్రయాల్లో కాఫీ కోసం క్యూ కట్టేవాళ్లు ఈ సంగతి తలుచుకోకపోవడమే మంచిది.

ఎక్కువమంది వెళ్లేది మాత్రం టపుయేటాయికి. 'ఒక్క అడుగు' అని ఆ పేరుకు అర్థం. శత్రువులు తరుముతుంటే ఓ తండ్రి కొడుకుని తీసుకుని ఇక్కడికి పారిపోయి వచ్చాడట. పిల్లవాణ్ని ముందు నడవమని, వాడి అడుగుల్లోనే తన అడుగులు వేసి ఆ జాడ చెరిపేశాడట. ఒక్కడి అడుగులే చూసిన శత్రువులు తండ్రిని చంపి వెళ్లిపోయారు. చెట్టు మీద దాగిన పిల్లవాడు బతికాడు. ఇప్పుడక్కడ సరదాగా పాస్‌పోర్టు మీద పాదం ముద్ర వేయించుకుంటున్నారు.

ఇంత అందం దొరికితే మిగతా ప్రపంచంలో ఏమవుతుందో తెలిసిందే. ఎవరో ఒకరు కొనేస్తారు. ఇక్కడ కొనలేరు. కుక్ ఐలాండ్స్‌లో స్థానికుల భూమి అమ్మడానికి వీల్లేదన్న చట్టం 1915 నాటిది. విదేశీయులకే కాదు, తమలో తాము కూడా అమ్ముకోకూడదు. భూమి వంశంలో దిగాల్సిందే. హోటల్ కట్టాలనుకునే కంపెనీ అయినా ఆ కుటుంబం దగ్గర లీజుకు తీసుకోవాలి, అదీ మహా అయితే 60 ఏళ్లకి. చాలా ఇళ్ల ముందు వాకిట్లోనే తాతముత్తాతల సమాధులు శుభ్రంగా సున్నం వేసి, పూలు పెట్టి కనిపిస్తాయి. వాకిట్లో పెద్దవాళ్లు పడుకుని ఉన్న స్థలానికి ధర కట్టడం ఎవరికైనా కష్టమే.

దీనికో తలనొప్పి కూడా ఉంది. వారసులందరికీ హక్కు ఉంటుంది కాబట్టి తరాలు గడిచేకొద్దీ ఒక్క ముక్కకు వందలమంది హక్కుదారులు తేలతారు. సగంమంది న్యూజిలాండ్‌లో ఉంటారు. ఉమ్మడి ఆస్తి తగాదాలు తెలిసిన మన కుటుంబాలకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక ఆదివారం సంగతి. 1821లో లండన్ మిషనరీల ద్వారా ఈ దేశంలో క్రైస్తవం మొదట అడుగుపెట్టింది ఐటుటాకిలోనే. అరుటంగాలో 1828లో కట్టిన చర్చి దేశంలోకెల్లా పాతది. ఆదివారమంటే ఆరాధన, ఇంటిల్లిపాదీ కలిసి భోజనం, విశ్రాంతి. 2008లో ఆదివారాల్లోనూ విమానాలు దిగడం మొదలయ్యాక దీవి జనంలో చాలామంది ప్లకార్డులు పట్టుకుని విమానాశ్రయం దగ్గర నిలబడ్డారు. అందరూ కాదు. వారాంతపు అతిథులు రాకపోతే గదులు ఖాళీగా ఉంటాయని వాదించినవాళ్లూ ఉన్నారు. విమానాలు ఆగలేదు. నిరసనలూ ఒక్క రోజుతో ఆగలేదు. ఎవరిది న్యాయమో బయటివాళ్లు తేల్చడం తేలిక కాదు గానీ, సంపాదన ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నను ఊరంతా కూర్చుని వాదించుకోవడం ఈ రోజుల్లో అరుదు.

లగూన్‌కూ సెలవులుంటాయి. చేపలు తగ్గినట్టు కనిపిస్తే కొంత మేర 'రాయుయి' ప్రకటిస్తారు. అంటే ఇంతకాలం ఇక్కడ వేట వద్దని పెద్దల కట్టుబాటు. తరాలనాటి పద్ధతి. దీనికి తోడు పెద్ద ఆల్చిప్పల పిల్లల్ని తొట్లలో పెంచి లగూన్‌లో వదిలే కేంద్రం కూడా ఉంది.

ఇన్ని కట్టుబాట్లున్నా ఆపలేనిది ఒకటుంది. పిల్లలు వెళ్లిపోవడం. దీవిలో ఉండేది రెండు వేలమందికి లోపే. దేశం మొత్తం మీద 15 వేలు. న్యూజిలాండ్ 2018 జనాభా లెక్కల్లో మాత్రం కుక్ ఐలాండ్స్ మూలాలున్నవాళ్లు 80 వేలకు పైగా తేలారు. పౌరసత్వం చేతిలోనే ఉంది, అక్కడ జీతాలు ఎక్కువ. పోవద్దని ఎవరంటారు? ఉన్నచోటే ఉపాధి దొరకాలంటే టూరిజమే దిక్కు. అది ఎంత నమ్మదగ్గదో కోవిడ్ చూపించింది. 2020 మార్చి తర్వాత సరిహద్దులు మూసేశారు. 2021లో కొద్ది నెలలు తప్పిస్తే 2022 జనవరి దాకా బీచ్‌లు బోసిపోయాయి. అంతకుముందు 2010 ఫిబ్రవరిలో వచ్చిన పాట్ తుపాను సగానికి పైగా ఇళ్లను దెబ్బతీసింది.

వెళ్లాలనుకునేవాళ్లు మే నుంచి అక్టోబరు మధ్య చూసుకోవడం మేలు. నవంబరు నుంచి వానలు, తుపాన్ల భయం. మన దగ్గర్నుంచి ఖర్చు తక్కువేమీ కాదు. ఆక్లాండ్‌లో అమ్మాయో అబ్బాయో ఉండి, అక్కడిదాకా ఎలాగూ వెళ్లే తల్లిదండ్రులకైతే కలిసొస్తుంది. రిసార్టులే అక్కర్లేదు, కుటుంబాలు నడిపే చిన్న బసలున్నాయి. తిండికి భయం లేదు. చేమదుంపలు, సీమపనస, అరటి దండిగా దొరుకుతాయి. చేమాకుల్ని కొబ్బరిపాలలో ఉడికించే 'రుకౌ' మన నాలుకకు కొత్తేమీ అనిపించదు. పచ్చి చేపను నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు కలిపే 'ఇకా మాటా' మాత్రం ధైర్యం ఉన్నవాళ్లకు. దీవిలో కుక్కల్ని పెంచకూడదన్న నియమం ఉంది కాబట్టి పొద్దున్నే నిశ్చింతగా నడవొచ్చు. ఎదురైనవాళ్లు 'కియా ఒరానా' అంటారు. 'నిండు నూరేళ్లూ బతుకు' అని దీవించడం లాంటిదే. బదులుగా అదే మాట అంటే చాలు.

చెలామణిలో ఉండేది న్యూజిలాండ్ డాలరే. దాంతోపాటు దేశం సొంతంగా వేసుకున్న మూడు డాలర్ల నోటు, త్రికోణాకారంలో రెండు డాలర్ల నాణెం చిల్లరలో వస్తుంటాయి. తిరుగు ప్రయాణానికి ముందే ఖర్చు పెట్టేయాలి. ఆ దీవులు దాటితే అవి చెల్లవు.