కొల్లేటి అతిథులు



మొన్న చలికాలంలో మా ఆత్రేయపురం నుండి పూతరేకుల డబ్బా వెంటబెట్టుకొని, పిల్లలతో కలిసి కైకలూరు ప్రక్కనున్న ఆటపాకకు వెళ్లాము. పడవ కదలగానే చెట్ల మీదా, అటవీశాఖవారు నీళ్లలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీదా గూళ్లు కట్టుకొన్న గూడబాతులు కనిపించాయి.

"తాతయ్యా, ఇవన్నీ ఎక్కడివి?" అని అడిగింది మనవరాలు.

"గూడబాతులు మన దేశపువేనమ్మా. సూదితోక బాతులు మాత్రం సైబీరియా వంటి చలిదేశాల నుండి వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి" అన్నాను.

అంతదూరం నుండి ఇక్కడికే ఎందుకు రావాలి? కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేటిలో నీరు లోతు తక్కువ, మేత ఎక్కువ. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను అది తనలో పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రానికి పంపుతుంది. ప్రభుత్వం 1999లో అయిదవ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందపు పట్టికలో చేరింది.

అయితే 1970ల నుండి మత్స్యకారుల, పేదల సొసైటీల పేరిట మొదలైన చేపల చెరువులు క్రమంగా డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. లోతైన చెరువులో కొంగకు కాలు ఆనదు. గట్లు అడ్డుపడితే వరదకు దారి ఉండదు. 2006లో ఆ గట్లను తెగగొట్టారు. పెట్టుబడి పెట్టినవారికి వేరే దారి ఉంటుంది గాని, చెరువు పనినే నమ్ముకొన్న లంక గ్రామాల పేదలకు కూలి పోయింది.

పక్షి ముఖ్యమా, పేదవాడు ముఖ్యమా అని కొందరు అడుగుతారు. సరస్సు బాగుంటే కొర్రమీను, జెల్ల పెరుగుతాయి. అవి పక్షికీ, వల వేసేవానికీ కూడా ఆహారమే. పక్షులకు చోటు విడిచేటప్పుడు పేదలకు బ్రతుకుదెరువు చూపడం కూడా న్యాయమే కదా!

మన సంగతి చూద్దాం. వానాకాలంలో వీధిలోని చింతచెట్టు మీద కొంగలు గూళ్లు పెడితే, రెట్టల వాసన అని కొమ్మలు నరికిస్తాము. పిల్లలు ఎగిరిపోయేదాకా ఓపిక పట్టలేమా?

తిరిగి వచ్చేటప్పుడు మనవరాలు పూతరేకు ముక్క పక్షులకు వేయబోయింది. పడవ నడిపే ఆయన చెయ్యి అడ్డుపెట్టి, "వద్దు తల్లీ, వాటి కూడు నీళ్లలోనే ఉంది. మనం ఆ నీళ్లను పాడుచేయకుండా ఉంటే చాలు" అన్నాడు.