పగిడేరు వేడినీరు: బోరుకు ముందు సర్వే

మణుగూరు మండలం పగిడేరులో బొగ్గు అన్వేషణకు వేసిన బోరు నుంచి ఏళ్ల తరబడి వేడినీరు ఉబికి వచ్చింది. ఆ వేడితో కరెంటు తీసే 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని సింగరేణి సంస్థ 2022లో నెలకొల్పింది. 20 కిలోవాట్లంటే నాలుగైదు వ్యవసాయ మోటార్లు నడిచేంత కరెంటు. అంతకు మించి ఆశించాలంటే వేడినీరు ఏ లోతున, ఎంత మేర ఉన్నదో ముందు తెలియాలి.

లోతైన బోర్లు వేసి వెతకడం కోట్లతో పని. బావి తవ్వే ముందు నీటి జాడ చూడని రైతు ఉండడు. పాతాళంలోని వేడినీటి జాడ చూడడానికి విద్యుదయస్కాంత సర్వే ఉన్నది. పిడుగుల వల్ల, సూర్యుని నుంచి వచ్చే కణాల తాకిడి వల్ల పుట్టే తరంగాలు నేలలోకి దిగుతాయి. వేగంగా కంపించేవి పైపొరల్లోనే ఆగిపోతాయి. నిదానంగా కంపించేవి కిలోమీటర్ల లోతుకు పోతాయి. పొలంలో తీగలు పరచి, చిన్న గుంటల్లో అయస్కాంత చుట్టలు పాతి వీటిని కొలుస్తారు. గట్టి ఎండు రాతిలో కరెంటు సరిగా పారదు. ఉప్పు కలిసిన వేడినీరు నిండిన పగుళ్లలో సులువుగా పారుతుంది. ఆ తేడాయే జాడ.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు లడఖ్‌లోని పూగా లోయలో ఇదే సర్వే జరిపి, సుమారు 2 కిలోమీటర్ల లోతున అటువంటి భాగాన్ని గుర్తించారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి.

అయితే సర్వే చెప్పిందల్లా వేదం కాదు. బంకమట్టిలోనూ కరెంటు బాగానే పారుతుంది. చివరి మాట బోరుదే. కాని బోరు ఎక్కడ వేస్తే డబ్బు దండగో సర్వే చాలావరకు ముందే చెప్పగలదు.

దగ్గరలో మోటార్లు నడిచినా, కరెంటు లైన్లు ఉన్నా కొలతలు చెడతాయి. కనుక గ్రామస్థుల సహకారం లేనిదే ఈ పని సాగదు. గుంట తీసే ముందు రైతు అనుమతి తీసుకోవాలి. పంచాయతీకి తెలపాలి. ఫలితాలను తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. వాడిన నీటిని వాగుల్లోకి వదలక తిరిగి భూమిలోకే పంపే ఏర్పాటు ముందే తేల్చాలి. ఏజెన్సీ గ్రామాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి చట్టం చెబుతున్నది. అధికారులు దానిని కాగితానికే పరిమితం చేయరాదు.

బొగ్గుకు భూములిచ్చిన జనానికి, తమ కాళ్ల కింద ఏమున్నదో అందరికంటే ముందు తెలుసుకునే హక్కు ఉన్నది.