పడిపోయిన ప్రతివారికీ ఫిట్సేనా?

మన ప్రాంతంలో ఎవరైనా స్పృహ తప్పి పడిపోతే ఏమి జరుగుతుందో మీకు తెలుసు. నలుగురూ మూగుతారు, చేతిలో తాళాలు పెడతారు, లేపి కూర్చోబెడతారు. చేతులు రెండుసార్లు కొట్టుకుంటే చాలు, "ఫిట్స్" అని పేరు పడిపోతుంది. ఆ పేరు ఆడపిల్లకు పడిందంటే చదువు ఆగుతుంది, వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది, ఏళ్ల తరబడి మాత్రలు మింగుతుంది. మామూలుగా సొమ్మసిల్లినప్పుడు కూడా కొన్ని సెకన్లు కాళ్లూ చేతులూ అదరవచ్చని ఆ ఇంటివారికి ఎవరూ చెప్పరు.

ఏమీ తినకుండా వచ్చి ఆదివారం ఆరాధనలో చాలాసేపు నిలబడినవారు, భద్రాచలంలో కల్యాణం నాడు ఎండలో నిలబడినవారు, మిరపతోటలో వంగి వంగి లేచినవారు పడిపోవడం చూస్తూనే ఉన్నాము. నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కిందికి దిగుతుంది. కొందరిలో అప్పుడు గుండె వేగం పెరగడానికి బదులు తగ్గిపోతుంది, రక్తనాళాలు వదులవుతాయి, మెదడుకు రక్తం చాలదు. ముందు చెమట, వికారం, కళ్లకు చీకటి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే కాసేపట్లో తేరుకుంటారు. కూర్చోబెట్టడమే తప్పు.

దీనిని తేల్చడానికి టిల్ట్ టేబుల్ పరీక్ష ఉంది. 1986లో లండన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో దీనిని గురించి వ్రాశారు. బల్లమీద పడుకోబెట్టి, బెల్టులు కట్టి, 60 నుండి 70 డిగ్రీలు పైకి లేపి, 20 నుండి 45 నిమిషాలు బీపీ, ఈసీజీ గమనిస్తారు. అవసరమైతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. స్పృహ తప్పితే వెంటనే బల్ల దించుతారు. కోసేది ఏమీ లేదు.

అయినా అందరూ హైదరాబాదు బస్సెక్కాలని నేననను. భద్రాచలం నుండి 300 కిలోమీటర్లు, పైగా రెండు రోజుల కూలి పోతుంది. చూసినవారి మాట, పడుకోబెట్టీ నిలబెట్టీ తీసిన బీపీ, ఒక ఈసీజీ, రక్తహీనతకు పరీక్ష – చాలామందికి ఇవి సరిపోతాయి. మాత్రలు వాడుతున్నా పడిపోతూనే ఉన్నవారికి మాత్రం ఆ ఖర్చు దండగ కాదు. (ఆ బల్లమీద పడిపోనంత మాత్రాన ఏమీ లేదని అర్థం కాదు సుమా.)

పరుగెత్తుతూనో, పడుకొని ఉండగానో స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా వెంటనే గుండె డాక్టరుకు చూపించాలి.

వచ్చేటప్పుడు, పడిపోయినప్పుడు పక్కన ఉన్న మనిషిని వెంట తీసుకురండి. ఇది చదివి ఫిట్స్ మాత్రలు మీ అంతట మీరే మానకండి.