స్పీకర్లు మార్చే పెద్దమనుషులకు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగువాళ్ళు నాలుగైదేళ్ళకోసారి మార్చేవి మూడు: కారు, ఇల్లు, స్పీకర్లు. మొదటి రెండిటి జోలికి నేను పోను. ఎవరి అప్పు వాళ్ళది. మూడోదాని గురించి మాత్రం చాలాకాలంగా కడుపులో దాచుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. ఇవి చదివాక కొందరు మిత్రులు శనివారం విందులకి నన్ను పిలవడం మానేస్తారేమో. కానివ్వండి.

స్పీకర్లు మార్చవద్దని నేననడం లేదు. పాట పుట్టిన చోటినుంచి మన చెవిదాకా ఉన్న సరంజామాలో, మారిస్తే తేడా నిజంగా తెలిసే వస్తువు ఏదైనా ఉందంటే అది స్పీకరే. సవ్యంగా తయారైన రెండు ఆంప్లిఫయర్ల మధ్య తేడాని, వాటి శక్తికి మించి వాయించనంతవరకు, కళ్ళు మూసుకుని పట్టుకోవడం చాలా కష్టం. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళు. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. ఇక పాముల్లాంటి తీగలకి వందల డాలర్లు పోసేవాళ్ళతో నాకు వాదనే లేదు. అది భక్తి. భక్తులతో వాదించకూడదని మా తాతగారు చెప్పేవారు.

నా తగువల్లా మనవాళ్ళు స్పీకర్లు ఎందుకు మారుస్తున్నారు, ఏం విని మారుస్తున్నారు అన్న దాని మీదే.

మిషిగన్ ఇళ్ళకి నేలకింద ఓ బేస్‌మెంట్ ఉంటుంది. భోజనాలయ్యాక మగవాళ్ళం ఐస్‌క్రీం గిన్నెలు పట్టుకుని అక్కడికి దిగుతాం. కొత్త సరంజామా ప్రదర్శన మొదలవుతుంది. చుట్టూ ఏడు స్పీకర్లు, కప్పులో నాలుగు, మూలన తిరగలి దిమ్మంత సబ్‌వూఫర్. ముందుగా ఓ హెలికాప్టర్ వస్తుంది. మన నెత్తి మీదుగా ఎడమనుంచి కుడికి పోతుంది. తర్వాత ఏదో ఒకటి పేలుతుంది. సోఫా అదురుతుంది. "ఎలా ఉంది?" అంటాడు ఇంటాయన. బాగుందనక తప్పదు. నిజంగానే బాగుంటుంది. ఆ పనికోసం చేసిన వస్తువు ఆ పని చేస్తోంది.

చిక్కంతా ఆ తర్వాతే. ఎవరో పెద్దాయన "ఏదన్నా ఘంటసాల పాట పెట్టవోయ్" అంటాడు. ఇంటాయన అన్ని స్పీకర్లలోంచీ శబ్దం వచ్చే మీట నొక్కుతాడు. అంత డబ్బు పోసి కొన్న పదకొండు స్పీకర్లలో తొమ్మిదిని ఊరికే కూర్చోబెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఘంటసాల కప్పులోంచీ, గోడల్లోంచీ, సోఫా వెనకనుంచీ ఒకేసారి పాడతాడు. మనిషి ఎక్కడ నిలబడి పాడుతున్నాడో తెలియదు. మూలనున్న సబ్‌వూఫర్ మాత్రం పాట మొదలు కాకముందే గుయ్ మంటుంది. "చూశారా, ఇదివరకటి స్పీకర్లలో ఇది వినబడేదే కాదు" అంటాడు ఇంటాయన సంబరంగా. వినబడదు మరి! చాలా పాత పాటల కాపీల్లో ఉండే ఆ గుయ్‌మనే మోత 50 హెర్ట్జ్ కరెంటు మోత. అమెరికా కరెంటైతే 60 ఉండేది. అది మన దేశపు కరెంటు స్తంభం పాట. దాన్ని వినడానికి మనవాడు రెండు వేల డాలర్లు పెట్టాడు.

కాస్త లెక్క చూడండి. 1957లో వచ్చిన "మాయాబజార్" పాటలన్నీ ఒకే చానల్లో రికార్డు చేసినవి. ఆ కాలపు 78 రికార్డు ఒక వైపున పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. అలాంటి పాటలో అసలు సరుకంతా దాదాపు 100 హెర్ట్జ్‌కీ, ఏడెనిమిది వేల హెర్ట్జ్‌కీ మధ్యే ఉంటుంది. ఆ కింద ఉన్నది మోత, ఆ పైన ఉన్నది గీర. మనం కొత్తగా కొంటున్నవన్నీ ఆ కిందికీ, ఆ పైకీ సాగే యంత్రాలు. గొంతు ఉన్న చోటు గురించి అడిగే నాథుడు లేడు.

అడిగినవాళ్ళు లేకపోలేదు. 1970ల నడుమ బి.బి.సి. ఇంజనీర్లు స్టూడియో బయట రికార్డింగులకి వెళ్ళే వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్.ఎస్.3/5ఎ అని ఓ చిన్న స్పీకరు తయారుచేశారు. అడుగు ఎత్తు కూడా సరిగ్గా ఉంటుందో ఉండదో. దాంట్లో భూకంపాలు రావు. కాని మాట్లాడే మనిషి గొంతు మనిషి గొంతులాగే వినబడాలని పట్టుబట్టి చేసిన వస్తువది. ఇన్నేళ్ళయినా దాన్ని వెతుక్కుని కొనేవాళ్ళున్నారు. రేడియో విని పెరిగిన తరానికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. విజయవాడ కేంద్రం నుంచి మీడియం వేవ్‌లో భక్తిరంజని వచ్చేటప్పుడు మనకి అందింది నాలుగైదు వేల హెర్ట్జ్ దాకానే. ఆ ఇరుకు సందులోంచే రాగం గుర్తుపట్టాం, గొంతు గుర్తుపట్టాం, వంటింట్లో అమ్మ చెయ్యి ఆగిపోవడం చూశాం.

అలాంటప్పుడు మంచి స్పీకర్లు మాత్రం ఎందుకని మీరు నన్నే నిలదీయవచ్చు. ఆ ఇరుకు సందులో కూడా రేడియో మనదాకా రానివ్వనివి చాలా ఉన్నాయి. పాడేవాడి వెనక తంబురా జీవాళి. పల్లవికి ముందు తీసుకున్న ఊపిరి. వీణ మీద తీగె లాగినప్పుడు ఎడమచేతి వేలు చేసే చిన్న చప్పుడు. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద వేసిన చోట పుట్టే గుమ్మనే నాదం, ఇది సబ్‌వూఫర్ దడదడ కాదు, గుమ్మని లేచి వెంటనే అణిగిపోతుంది. ఇవన్నీ వినిపించే స్పీకర్లు రెండే చాలు. ఆ రెండింటిమీదా ఎంత పెట్టినా నేను నోరెత్తను.

కొనేముందు చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి. మన బేస్‌మెంట్లకి నాలుగు వైపులా కాంక్రీటు. పదహారడుగుల పొడవున్న గదిలో 35 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 70 దగ్గర మరోసారి, 105 దగ్గర ఇంకోసారి గదే మోగుతుంది. స్పీకరుని మూలకి నెడితే ఆ మోత ఇంకా ఉబ్బుతుంది. కింది స్వరాల్లో మీరు వింటున్నది స్పీకరుని కాదు, గదిని. కొట్లో విన్నది ఇంట్లో వినబడకపోవడానికి సగం కారణం ఇదే. స్పీకర్లని గోడకి రెండడుగులు ముందుకి జరిపి, రెండిటికీ మధ్య ఉన్నంత దూరంలోనే కుర్చీ వేసుకుని ఓ వారం వినండి. దీనికి సెంటు ఖర్చు కాదు. హైదరాబాదు మిత్రులు ఇదేదో మా అమెరికా గొడవ అనుకోవద్దు. టైల్స్ నేల, బోసి గోడలు, పరదాలు లేని పెద్ద కిటికీ ఉన్న గచ్చిబౌలి ఫ్లాట్లలో ఎంత గొప్ప స్పీకరైనా గిన్నెల కొట్లో పాడుతున్నట్టే ఉంటుంది. ఓ జంపఖానా, పుస్తకాల బీరువా, మందపాటి పరదా ముందు కొనండి. ఇంకో మాట, ఉన్న స్పీకరు బర్రుమంటోందని పారేసేవాళ్ళని చూశాను. చాలావాటిలో పాడైంది వూఫర్ చుట్టూ ఉండే నురుగు అంచు మాత్రమే. పదిహేను, ఇరవయ్యేళ్ళకి అది పొడిపొడిగా రాలిపోతుంది. కొత్త అంచు అతికించుకుంటే స్పీకరుకి రెండో జన్మ.

మన చెవుల మీద మనకున్న నమ్మకం సంగతి కూడా చెప్పాలి. ఒటావాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ళ తరబడి స్పీకర్లని తెరవెనక దాచి జనానికి వినిపించి పరీక్షలు చేశాడు. తర్వాత హర్మన్ కంపెనీకి వెళ్ళి, షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ప్రచురించిన పరీక్షలో ఆ కంపెనీ ఉద్యోగుల చేతే మార్కులు వేయించాడు. కళ్ళారా చూస్తూ విన్నప్పుడు పెద్దవీ, ఖరీదైనవీ గెలిచాయి. తెర వేసేసరికి ఆ ఆధిక్యం బాగా కరిగిపోయింది. స్పీకర్లు తయారుచేసే చోట పనిచేసేవాళ్ళ గతే అదైతే, ధర చీటీ జేబులో పెట్టుకుని వినే మనమెంత?

ఓ మిత్రుడి ఇంట్లో ఇలాంటిదే చేసి చూశాం. రెండు జతలు. ఒకటి ఆయన అంతకుముందు నెలలో కొన్న నిలువెత్తు స్తంభాలు, రెండోది ఆయనే గరాజ్‌లో పడేసిన పాత చిన్న జత. ముందు పల్చటి నూలు చీర తెరగా కట్టాం. రెండు జతల శబ్దాన్నీ మీటరు పెట్టి సమానం చేశాం, ఎందుకంటే కాస్త గట్టిగా మోగిందే మంచిదనిపించడం చెవి స్వభావం. బాలమురళి కచేరీ ఒకటి పెట్టాం. పైనుంచి దిగివచ్చిన ఇద్దరు పెద్దావిడలు తడుముకోకుండా చిన్న జతే అన్నారు. ఇంటాయన కూడా చిన్న జతకే వేశాడు. చీర తీశాక "ఇవాళ కరెంటు బాగున్నట్టు లేదండీ" అన్నాడు. స్తంభాలు తిరిగివ్వడానికి గడువు అప్పటికే దాటిపోయింది.

ఇంతవరకు ఇది డబ్బు గోల. దీనికోసమే అయితే వ్యాసం రాయనక్కర్లేదు.

నాకు కోపం వచ్చేది స్పీకర్లలోకి మనం పంపిస్తున్న సరుకు గురించి. మనవాళ్ళ దగ్గరున్న పాత పాటల్లో ఎక్కువభాగం కాపీకి కాపీకి కాపీ. క్యాసెట్‌నుంచి 128 కిలోబిట్ల ఎంపీ3కి, అందులోంచి మరోదానికి. డబ్బు పుచ్చుకుని అమ్మినవీ అంతంత మాత్రమే. గీర పోగొడతామని గొంతులోని ఊపిరినీ, "స"నీ "శ"నీ కూడా తుడిచేసినవి కొన్ని. లేని ప్రతిధ్వని కలిపి నూతిలోంచి పాడించినవి కొన్ని. 2010లో రంగులద్ది విడుదల చేసిన "మాయాబజార్"కి ధ్వనిని కూడా డి.టి.యస్.లోకి మార్చారు. దానివల్ల కొత్తతరం పిల్లలు థియేటర్‌కి వెళ్ళారు, సంతోషమే. కాని అసలు మోనో పాట, ఉన్నది ఉన్నట్టు, శుభ్రంగా, పక్కనే దొరకాలి కదా! అలా దొరికేవి ఎన్ని? పాశ్చాత్య సంగీతం పాతవి తిరిగి విడుదల చేసినప్పుడు ఏ టేపునుంచి తీశారో, ఎవరు తీశారో చాలాసార్లు అట్టమీద ఉంటుంది. మనకి చాలాచోట్ల పాట రాసినాయన పేరే ఉండదు.

కొత్త పాటలు వినేవాళ్ళదీ ఇదే బాధ. మెల్లగా ఉండాల్సిన చోటుని కూడా పైకి లాగి, అంతా ఒకే ఎత్తున బిగించి వదులుతున్నారు. ఫోనులో చలాకీగా ఉంటుంది. మంచి స్పీకర్లలో రెండు పాటలకే తల దిమ్మెక్కుతుంది. స్పీకరు మెరుగయ్యేకొద్దీ సరుకులోని లోపం ఇంకా బాగా వినబడుతుంది. అప్పుడు మనవాడేం చేస్తాడు? ఆ పాట అమ్మినవాడికి ఉత్తరం రాయడు. స్పీకర్లు నప్పలేదని ఇంకో జత కొంటాడు. డబ్బూ, చెవీ రెండూ ఉండి, అడిగితే వినిపించుకునే స్థితిలో ఉన్న గిరాకీ మనమే. ఆ గిరాకీ గొంతంతా స్పీకర్ల కొట్లో ఖర్చయిపోతోంది.

మన అటకల మాటేమిటి? 1970లలో, 80లలో వచ్చినవాళ్ళు సూటుకేసుల్లో మోసుకొచ్చిన స్పూలు టేపులు, రేడియోకి మైకు ఆనించి పట్టిన క్యాసెట్లు, ఇక్కడి బడి హాళ్ళలో జరిగిన కచేరీలు. కొన్నిటికి మరో ప్రతి ఉంటుందన్న నమ్మకం లేదు. బేస్‌మెంట్ చెమ్మకి అవి బూజు పడుతున్నాయి, సరిగ్గా సబ్‌వూఫర్ వెనకాల. క్యాసెట్ డెక్కులో టేపు తలకి ఒక చిన్న మర ఉంటుంది. రికార్డు చేసిన డెక్కులో తల ఏ వాలున ఉందో, వినే డెక్కులో అదే వాలుకి తిప్పాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పై స్వరాలన్నీ దుప్పటి కప్పినట్టు పోతాయి. స్క్రూడ్రైవరుతో ఒక పావు తిప్పు తిప్పితే వచ్చే మెరుపు, వెయ్యి డాలర్ల ట్వీటర్ తేలేదు. ఈ మర సంగతి తెలియకుండా కంప్యూటర్లోకి ఎక్కించేసి, టేపు చెత్తబుట్టలో వేసినవాళ్ళని నేనెరుగుదును. పోయింది పోయినట్టే.

"నా డబ్బు, నా బేస్‌మెంట్, నీకేం?" అని అడగవచ్చు. స్పీకర్ల వరకు ఒప్పుకుంటాను. అటకమీద ఉన్న నాదస్వర కచేరీ మాత్రం మీ ఒక్కరిదే కాదండీ.

నా దగ్గర తల సరిచేసిన క్యాసెట్ డెక్కు ఒకటి, పనిచేసే స్పూలు మిషను ఒకటి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ. ఈసారి పండగ సేల్‌కి బయల్దేరేముందు అటకెక్కి చూసి, దొరికిన టేపులు పట్టుకురండి. బూజు పట్టినవి అక్కడే తుడవకండి, అలాగే తెండి. కాఫీ నేనిస్తాను. స్పీకర్లు మాత్రం తేవద్దు.