ఫోను లాక్కుంటే పిల్లలు భద్రమేనా?

2025 డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు పిల్లలు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ వంటి వాటిలో ఖాతాలు ఉంచుకోరాదు. నిబంధనను పట్టించుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా ఉంది. పిల్లలకూ తల్లిదండ్రులకూ శిక్ష లేదు. మరుసటి నెలలోనే మన రాష్ట్ర ఐటీ మంత్రి నారా లోకేశ్ దావోస్‌లో మాట్లాడుతూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ అటువంటి చట్టం తెచ్చే విషయం పరిశీలిస్తున్నామన్నారు. ఇక పీడ విరగడవుతుందని సంబరపడిన తండ్రులు మా పాలకొల్లులో ఉన్నారు. మేము అంత తొందరగా సంబరపడలేకపోతున్నాం.

కారణం ఉంది. ఆస్ట్రేలియా చట్టం వాట్సాప్ జోలికి పోలేదు. మన ఇళ్లలో ఫోను అంటే ముందు వాట్సాపే. పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవారు ఎందరో. తండ్రి కువైట్‌లో ఉంటే బిడ్డ అతని ముఖం చూసేది ఆ ఫోనులోనే. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమంటే ఏ తల్లి వేయగలదు?

ఇక ప్రమాదం సంగతి. 2023లో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో యువతి వీడియోకు అతికించి ప్రచారంలో పెట్టారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో పట్టుకున్నది గుంటూరు జిల్లాకు చెందిన 24 ఏళ్ల ఇంజనీరును. ఆమె అభిమానుల పేజీకి అనుచరుల సంఖ్య పెంచుకోవడానికే ఆ పని చేశాడని పోలీసులు చెప్పారు. అంతకుముందు 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అనే యాప్‌లో నూరుమందికి పైగా ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి, వేలం పాట అంటూ అవమానించారు. వారిలో హైదరాబాదు సామాజిక కార్యకర్త, అరవై దాటిన ఖాలిదా పర్వీన్ కూడా ఉన్నారు. ‘ఆ పిల్ల ఫోటో ఎందుకు పెట్టింది?’ అని మొదట ఆడపిల్లనే నిలదీసే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి. అరెస్టయిన వారిలో ఇరవై ఏళ్లు నిండని యువతి ఉందన్నది మరో చేదు నిజం.

పదో తరగతి పిల్లలను వలలో వేసుకునే పద్ధతి దాదాపు ఒక్కటే. మారుపేరుతో ఖాతా తెరుస్తారు, కొన్నాళ్లు తియ్యగా కబుర్లు చెబుతారు, ఒక ఫోటో రాబడతారు. ఇవ్వకపోయినా, పెళ్లిలో తీసిన ఫోటోలో ముఖం చాలు, మిగతాది యంత్రమే అతికిస్తుంది. మగపిల్లలకైతే వీడియో కాల్ చేసి రికార్డు చేస్తారు. తరువాత వచ్చేది ఒకటే మాట: ‘మీ నాన్నకు పంపిస్తా.’ ఆ మాటకు అంత బలం ఎక్కడిది? తెలిస్తే చదువు మాన్పిస్తారు, ఎవరికో ఒకరికిచ్చి నికాహ్ చేసేస్తారు అన్న భయం మన ఇంట్లో పుట్టినదే.

ఇజ్జత్ పోతుందని ఠాణా గడప తొక్కని కుటుంబాలు చట్టంలో ఏముందో తెలుసుకోవాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్దే తీసుకోవచ్చు. వచ్చే అధికారి యూనిఫారంలో ఉండరాదు, వీలైనంతవరకు మహిళే రావాలి. పత్రికలు బిడ్డ పేరు బయటపెడితే నేరం. ఏ ఊరి ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇటువంటివి పేరు చెప్పకుండానూ రాయవచ్చు. పిల్లల సహాయానికి 1098, డబ్బు పోతే వెంటనే 1930. అన్నిటికన్నా ముందు, కంగారులో ఆ సందేశాలు చెరిపేయకండి. ఖాతా పేరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. డబ్బు పంపవద్దు, ఒకసారి రుచి మరిగినవాడు మళ్లీ అడుగుతాడు.

రాత్రివేళ పిల్లల ఫోను దొంగచాటుగా వెతికే తండ్రులున్నారు. హుజురాత్ సూరా 12వ ఆయతు ఇతరుల గుట్టు వెతకడాన్ని, అంటే తజస్సుస్‌ను, వారిస్తోంది. కన్నబిడ్డ విషయం వేరని వాదించేవారు వాదించవచ్చు. మా మట్టుకు మేము, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునే చూడమంటాం. ఇన్‌స్టాగ్రామ్ 2025 నుంచి మన దేశంలోనూ 18 ఏళ్లలోపు వారి ఖాతాలను తనంతట తానే ప్రైవేటుగా ఉంచుతోంది. అయితే అన్నయ్య కూర్చుని తప్పుడు పుట్టిన సంవత్సరం వేసి ఖాతా తెరిచిపెడితే ఆ రక్షణ కాస్తా పోతుంది. అలా చూసేటప్పుడు ముందు ఆ సంవత్సరం సరిచూడండి.

మగపిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట. క్లాసు గ్రూపులో వచ్చిన తోటి బాలిక అసభ్య చిత్రాన్ని సరదాకు మరొకరికి పంపినా ఐటీ చట్టం 67బి సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. 18 నిండనివాడైతే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాలి, వెంట తల్లిదండ్రులూ వెళ్లాలి.