గాయక బృందానికి ఒక మాట: మూగబోయిన పెడల్

వేరే అడాప్టరు తగిలించగానే సంఘపు గిటారు పెడల్ మూగబోయిందా? కానుక సొమ్ము పోయిందని తగిలించిన పిల్లవాణ్ణి నిందించకండి. చాలా పెడళ్లకు 9 వోల్టుల డి.సి. కరెంటు కావాలి, పిన్ను మధ్యన మైనస్, వెలుపల ప్లస్. కొన్ని కీబోర్డు అడాప్టర్లలో ఇది తలకిందులు. అలా ఎదురు వచ్చిన కరెంటును చాలా పెడళ్లలో ఒక చిన్న డయోడు తనమీద వేసుకొని, తాను మాడి, మిగతా భాగాలను కాపాడుతుంది.

శ్రీకాకుళమో విజయనగరమో వెళ్లినప్పుడు టీవీ మెకానిక్కుకు చూపండి. 1ఎన్ 4001 రకం డయోడు కొద్ది రూపాయలే. గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా సోల్డరింగ్ చేయించండి. అప్పటికీ పలకకపోతే ఐ.సి., కెపాసిటర్లు చూడాలి. ఇకమీదట అడాప్టరు మీది గుర్తు, పెడల్ మీది గుర్తు ఒకటేనా చూసి తగిలించండి.

మన దోషాలను తనమీద వేసుకొన్న ప్రభువును ఎరిగిన మనం, ఒక్క పొరపాటుకు ఒక బిడ్డను ఆరాధనకు దూరం చేయవచ్చునా?