మొటిమల గురించి మాట్లాడితే నామోషీయా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని తమ్ముళ్ళు అడిగారు. విద్య ఆవశ్యకత గురించో, పోటీ పరీక్షలకు ఎలా చదవాలన్న దాని గురించో రాస్తామని వాళ్ళు అనుకొని ఉంటారు. అవి రాసేవాళ్ళు ఈ సంచికలో ఎలాగూ ఉంటారు. మేము మొటిమల గురించి రాద్దామనుకున్నాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇంటర్, డిగ్రీ కలిపి ఐదేళ్ళు ఈ హాస్టల్లో ఉన్నాం. ఆ ఐదేళ్ళలో మలేరియా వచ్చినవాణ్ణి ఆటోలో వేసుకొని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కామెర్లు వచ్చినవాడికి మెస్సులో విడిగా పత్యం వండించాం. మొహం నిండా చీముపొక్కులతో పగలు కూడా దుప్పటి కప్పుకొని పడుకున్నవాణ్ణి మాత్రం "ఏరా హీరో" అని ఏడిపించాం. మొదటి రెండింటినీ జబ్బులనుకున్నాం, మూడోది సోకనుకున్నాం. ఆ తేడా ఎక్కడ నుంచి వచ్చిందన్నదే మా ప్రశ్న.

మాలో ఒకడి సంగతి చెబుతాం. ఎవడన్నది ఇక్కడ అనవసరం. ఇది రాస్తున్న చెయ్యి వాడిదే అనుకున్నా మాకు అభ్యంతరం లేదు.

2018లో వాడు ఇంటర్ రెండో సంవత్సరం. బుగ్గల మీద, దవడ దగ్గర మొటిమలు మొదలయ్యాయి. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "వేడి చేసింది నాయనా, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగు" అంది. నాన్న అయితే "మగపిల్లోడికి మొహం సంగతి ఎందుకురా" అని ఊరుకున్నాడు. కూలికి పోయి వచ్చిన మనిషిని ఇంకేం అడుగుతాం? గదిలోవాళ్ళ సలహాలకు లెక్కలేదు. టూత్‌పేస్టు రాయమన్నవాడు ఒకడు, నిమ్మకాయ రుద్దమన్నవాడు ఒకడు, పెళ్ళయితే అవే పోతాయన్నవాడు ఒకడు. "చెడ్డ ఆలోచనలు తగ్గించుకో, తగ్గుతాయి" అన్నవాడు మరొకడు. ఈ చివరి మాట ఎంత లోపలికి దిగుతుందో పదహారేళ్ళ వయసులో పడ్డవాళ్ళకే తెలుసు. మొహం మీద మచ్చ ఒక్కటే కాకుండా, లోపలి గుణం కూడా అందరికీ కనబడిపోతున్నట్టు ఉంటుంది.

అప్పుడు పక్క మంచం మీద స్నేహితుడికి గజ్జల్లో తామర వచ్చింది. వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. దురద రెండు రోజుల్లో పోయింది. అదే ట్యూబు మనవాడు మొహానికి రాసుకున్నాడు. వారంలో మొటిమలు అణిగిపోయాయి, రంగు కూడా తేలింది. గదంతా ఆశ్చర్యపోయింది. ఆ నెలలో ఆ ట్యూబులు మా వరండాలో ఆరుగురి ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. అందులో ఉన్నది క్లోబెటాసోల్ అనే బలమైన స్టెరాయిడ్ అని, దాంతోపాటు తామర మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉన్నాయని అట్ట మీద రాసే ఉంది. సైన్సు గ్రూపు పిల్లలమే, చదవలేదు. అదే ఏడాది మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. మమ్మల్ని చీటీ అడిగినవాళ్ళు లేరు.

మూడు నాలుగు నెలలకు అసలు రూపం బయటపడింది. ఒక్కరోజు రాయకపోతే మొహం ఎర్రబడి మంట పుట్టేది. ఎండలోకి వెళితే భరించలేకపోయేవాడు. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు కనబడ్డాయి, నూగు దట్టమైంది, మొటిమలు ముందుకన్నా రెట్టింపయ్యాయి. రాస్తే తగ్గుతుంది, ఆపితే లేస్తుంది. కాబట్టి ఆపకుండా రాశాడు. డిగ్రీలో సెమినార్ ఇవ్వాల్సిన రోజున జ్వరమని చెప్పి గదిలో ఉండిపోయాడు. ముందు బెంచీలో కూర్చునేవాడు కిటికీ వైపు చివరి బెంచీకి మారాడు. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసేసి అందరినీ ఇళ్ళకు పంపితే లోకమంతా మాస్కును తిట్టుకుంది. వాడు మాత్రం మాస్కు వచ్చినందుకు సంతోషించాడు. ఇది తమాషాకు చెప్పడం లేదు.

ఇప్పుడు కాస్త సైన్సు. మన చర్మంలో ప్రతి వెంట్రుక కుదురు పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. యవ్వనంలో ఆండ్రోజెన్ హార్మోన్ల వల్ల ఆ గ్రంథి పెద్దదై ఎక్కువ జిడ్డు తయారుచేస్తుంది. కుదురు నోటి దగ్గర రాలవలసిన మృతకణాలు జిడ్డుతో కలిసి అంటుకుపోయి దారి మూసుకుపోతుంది. మూసుకున్నచోట తెల్ల పొక్కు, నోరు తెరుచుకొని ఉంటే నల్ల చుక్క. ఆ నలుపు మురికి కాదు. ఎంత రుద్ది కడిగినా పోదు, రుద్దితే పుండు పడుతుంది. మన అందరి చర్మం మీదా ఉండే ఒక బాక్టీరియా ఆ మూసుకున్న జిడ్డులో పెరుగుతుంది, శరీరం దాని మీద తిరగబడుతుంది, వాపూ చీమూ వస్తాయి. వాపు లోతుకు దిగితే గడ్డలవుతాయి, మానాక గుంటలు మిగులుతాయి. 12 నుంచి 24 ఏళ్ళ మధ్య వయసువాళ్ళలో దాదాపు 85 శాతం మందికి ఏదో ఒక స్థాయిలో ఇవి వస్తాయని వైద్యుల అంచనా. ఇందులో చెడ్డ ఆలోచనల పాత్ర ఎక్కడుందో ఆ సలహా ఇచ్చిన మిత్రుడే చెప్పాలి. (అతనిప్పుడు టీచరు. ఈ సంచిక అతనికీ అందుతుంది.)

ఇంకో అపోహ కూడా చెప్పుకోవాలి. గజ్జి అంటుకుంటుంది, తామర అంటుకుంటుంది, అందుకే గదిలో ఒకరికి గజ్జి వస్తే అందరూ ఒకేసారి మందు రాసుకోవాలి. మొటిమలు అంటుకోవు. మా గదిలో మాత్రం మనవాడి తువ్వాలు వేరే దండెం మీద వేయించారు. తిండి విషయానికొస్తే, మామిడిపండు, కోడిగుడ్డు, వేరుశనగలు మానేసి నీరసపడ్డవాళ్ళను చూశాం. బాగా తీపి పదార్థాలకు, కొంతవరకు పాలకు సంబంధం ఉండవచ్చని పరిశోధనలు అంటున్నాయి గాని, మెస్సులో వారానికి వచ్చే ఆ గుడ్డును వదులుకోవలసిన పని లేదు. కొబ్బరినూనె దట్టంగా పెట్టి నుదుటి మీదికి కారనిస్తే మాత్రం అక్కడ పొక్కులు లేస్తాయి. పెద్ద పరీక్షలప్పుడు తల చల్లగా ఉండాలని నూనె దిమ్మరించుకొనేవాళ్ళం, ఫలితం నుదుటి మీదే కనిపించేది.

2021 చివర్లో, డిగ్రీ ఆఖరి ఏడాదిలో, మనవాడు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. ఒంటరిగా వెళ్ళలేక మమ్మల్ని ఇద్దరిని వెంటబెట్టుకున్నాడు. చీటీ రాయించుకొని వెళితే ఆ విభాగం బోర్డు మీద "చర్మ, సుఖవ్యాధులు, కుష్ఠు" అని ఉంది. మన వైద్య చదువుల్లో ఆ మూడూ కలిపి ఒకే విభాగం. ఆ బోర్డు కింద వరసలో నిలబడటానికి మాకు గుండె చాల్లేదు. తెలిసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? రెండుసార్లు టీ తాగడానికి బయటికి వచ్చాం. చివరికి ఆ వరసలో మా వయసువాళ్ళే సగం మంది ఉన్నారని గమనించి నిలబడ్డాం.

డాక్టరమ్మ మొహం వైపు ఒక్క నిమిషం చూసి, "ఏం రాస్తున్నావు బాబూ? తెచ్చావా?" అని అడిగారు. వాడు జేబులోంచి ట్యూబు తీశాడు. ఆమె తిట్టలేదు. "ముందు దీని సంగతి చూడాలి. ఇది మానాక కొన్నాళ్ళు ఇంకా ఎక్కువవుతుంది. మందు పనిచేయలేదనుకొని మళ్ళీ ఇదే రాశావంటే నా దగ్గరికి వచ్చి లాభం లేదు" అన్నారు. ఆ మాట ముందే చెప్పబట్టి వాడు నిలబడ్డాడు. మొదటి నెలన్నర నరకం చూశాడు. ఫైనలియర్ గ్రూపు ఫోటోలో వాడు లేడు. మూడో నెలకు మంట పోయింది, కొత్త గడ్డలు రావడం తగ్గింది. ఏడాదికి మొహం మొహంలా అయింది. ఎడమ బుగ్గ మీద గుంటలు మిగిలాయి. మొదటి ఏడాదే వెళ్ళి ఉంటే అవి కూడా ఉండేవి కావని మా నమ్మకం.

చికిత్స ఎలా ఉంటుందో తెలిస్తే భయం తగ్గుతుందని కొంచెం చెబుతున్నాం. ఏది ఎవరికన్నది డాక్టరే తేల్చాలి, మా రాత చూసి షాపుకు పోవద్దు. తక్కువగా ఉన్నవాళ్ళకు సాధారణంగా బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి జెల్‌లు ఇస్తారు. అడాపలీన్ రాత్రిపూట బఠాణీ గింజంత తీసుకొని, పొక్కుల మీద చుక్కలు పెట్టుకోవడం కాకుండా, మొటిమలు వచ్చే భాగమంతా పల్చగా రాయాలి. మొదట్లో చర్మం పొడిబారి పొట్టు లేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ బట్టల రంగు తినేస్తుంది. మనవాడి ఏకైక రంగు తువ్వాలు అలాగే తెల్లమచ్చల పాలైంది. ఎక్కువగా ఉన్నవాళ్ళకు డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు కొద్ది నెలల పాటు ఇస్తారు. తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకోగానే పడుకోకూడదు. ఏ మందైనా ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మనలో చాలామంది రెండో వారంలోనే మానేస్తాం, అక్కడే దెబ్బతింటాం.

బాలికల హాస్టల్ చెల్లెళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. నెలసరి సరిగా రాకపోయినా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నా ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి, హార్మోన్ల పరీక్ష అవసరం కావచ్చు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినోయిన్ మాత్ర గర్భంలోని బిడ్డకు చాలా ప్రమాదకరం. స్నేహితురాలికి పనిచేసిందని పంచుకొనే మాత్ర కాదది.

ఇక మా అసలు అభిప్రాయం. "చదువుకోవడానికి వచ్చారా, సోకులకు వచ్చారా" అన్న మాట మనం హాస్టళ్ళలో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అన్నవాళ్ళు మన మేలు కోరే అన్నారు, కాదనం. కాని ఆ మాట వెనక, పేదవాడికి కడుపు నిండితే చాలు, మొహం సంగతి ఉన్నవాళ్ళది అన్న ఆలోచన దాగి ఉంది. కలిగినవాళ్ళ పిల్లవాడికి నాలుగు మొటిమలొస్తే స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళతారు, దాన్ని వైద్యం అంటారు. మనవాడు అద్దం చూసుకుంటే సోకు అంటారు. చిన్నప్పుడు బడి హాస్టల్లో మనకిచ్చే డబ్బుల పేరు కాస్మెటిక్ చార్జీలు. సబ్బుకు, కొబ్బరినూనెకు, క్షవరానికి సరిపెట్టుకొనే ఆ డబ్బులకు అంత గొప్ప పేరు ఎవరు పెట్టారో గాని, మనం అందం కోసం తీసుకున్నది ఆ పేరొక్కటే.

రంగు సంగతి కూడా దాచడం ఎందుకు? ఆ ట్యూబు మమ్మల్ని పట్టుకున్నది మొటిమలు తగ్గించినందుకు కాదు, రంగు తేల్చినందుకు. మేమంతా చామనఛాయ, నలుపు పిల్లలం. తెల్లబడితేనే మనిషిలా చూస్తారని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. 2020లో దేశంలో ఒక పెద్ద కంపెనీ తన క్రీము పేరులోంచి "ఫెయిర్" అన్న మాట తీసేసింది. మా బుర్రల్లోంచి అది ఇంకా పోలేదు. వైద్యపరంగా కూడా ఇది ముఖ్యమే. మన రంగు చర్మంలో మొటిమ మానినచోట నల్లమచ్చ నెలల తరబడి ఉండిపోతుంది. గిల్లితే ఇంకా ముదురుతుంది. మచ్చను తెల్లబరచే క్రీము కోసం వెతకడం కన్నా మొటిమకు త్వరగా వైద్యం చేయించుకోవడం మనకే ఎక్కువ అవసరం.

మన ఇళ్ళల్లో మనమే మొదటి డిగ్రీవాళ్ళం. ఇప్పుడు ఊరికి వెళితే అత్తమ్మలు, బాబాయిలు మాత్రల అట్టలు తెచ్చి "ఇదేందో చదివి చెప్పు నాయనా" అని కూర్చుంటారు. మేము మాత్రం ఒక ట్యూబు మీద అక్షరాలు చదవకుండా మూడేళ్ళు మొహానికి పూసుకున్నాం. ఆ సిగ్గు మాకు ఉంది.

వార్డెన్ గారికి, హాస్టల్ కమిటీకి మా విన్నపం పెద్దదేమీ కాదు. హాస్టల్‌కు ఆరోగ్య పరీక్షలకు వచ్చినవాళ్ళు గజ్జి, తామర ఉందా అని చేతులు చూసి వెళతారు, మొహం గురించి అడిగినవాళ్ళు మా ఐదేళ్ళలో లేరు. ఆ ఒక్క ప్రశ్న అడిగించండి. ఏడాదికి ఒకసారైనా పెద్దాసుపత్రి నుంచి చర్మవైద్యుణ్ణి పిలిపించి, పిల్లలు వాడుతున్న ట్యూబులన్నీ బల్ల మీద పెట్టించి చూపించండి. ఆసుపత్రికి వెళ్ళే రోజుకు అటెండెన్సు ఇబ్బంది లేకుండా కాలేజీకి ఒక ఉత్తరం ఇవ్వండి. పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి ఫీజు లేదు, అక్కడ ఉన్న మందులు ఉచితంగానే ఇస్తారు. మనకు లేనిదల్లా ఆ వరసలో నిలబడే ధైర్యమే.

తమ్ముళ్ళూ, ఒంటరిగా వెళ్ళడానికి బిడియమైతే చెప్పండి. మాలో ముగ్గురం ఈ ఊళ్ళోనే పీజీ చదువుతున్నాం, ఎవరో ఒకరం వెంట వస్తాం. చీటీ ఉదయం పూటే ఇస్తారు, టిఫిన్ చేసి తొందరగా బయలుదేరండి. రాస్తున్న ట్యూబు ఏదైనా ఉంటే జేబులో వేసుకొని రండి, డాక్టరమ్మ ముందు అదే అడుగుతారు.